రొయ్యల టబ్బులో కబడ్డీ కాళ్ళు: భోగి దాకా ఐసునీళ్ళ డైరీ

నవంబరు 20

పోయిన సంక్రాంతి కబడ్డీ టోర్నమెంటులో భోగి రోజున మూడు మ్యాచ్‌లు ఆడి మూడూ గెలిచాం. మర్నాడు పొద్దున్న మా మెయిన్ రైడరు, అంటే అవతలివాళ్ళ బరిలోకి కూతకి వెళ్ళేవాడు, అరుగు దిగడానికి గోడ పట్టుకున్నాడు. తొడలు కొయ్యబారిపోయాయి. సెమీస్‌లో కూతకి వెళ్ళి, గీత తాకి వెనక్కి తిరగబోతే కాలు మాట వినలేదు, అక్కడే పడుకోబెట్టేశారు. మమ్మల్ని కొట్టినవాళ్ళు మాకంటే గొప్పగా ఆడారని కాదు. ముందురోజు వాళ్ళకి ఒకే మ్యాచ్ పడింది, అంతే.

అప్పట్నుంచీ కుర్రాళ్ళది ఒకటే పోరు. ఫోన్లలో పెద్ద పెద్ద ఆటగాళ్ళు ఐసు ముక్కలు తేలే టబ్బుల్లో కూర్చుని పళ్ళు కొరుక్కునే వీడియోలు చూపించి, "మనకీ అలాంటిది పెట్టు బాబాయ్" అంటారు. నేను పశ్చిమ గోదావరి జిల్లా ఉండి అనే ఊరి దగ్గర రొయ్యల చెరువులు చూసుకుంటాను. ఐసు, థర్మామీటరు, ట్రేలు రోజూ నా చేతిలో ఉండే సరుకే కాబట్టి వీళ్ళకి అది నాకు చిటికెలో పనిలా కనిపిస్తుంది.

ఈసారి చేద్దామని కూర్చున్నాను. బడ్జెట్టు అయిదు వేలు. గడువు భోగి. ఆడేవాళ్ళు పదిమంది, అందరూ పద్దెనిమిది దాటినవాళ్ళే. చిన్నపిల్లల్ని ఇందులోకి రానివ్వను.

నవంబరు 23

మూడు రాత్రులు చదివాను. ముందు నా బుర్రలోని చెత్త ఒకటి ఊడ్చుకోవాల్సి వచ్చింది. మేం ఆడే రోజుల్లో మా మాస్టారు "లాక్టిక్ యాసిడ్ పేరుకుపోయి నొప్పులురా" అనేవారు. నేనూ కుర్రాళ్ళకి అదే చెబుతూ వచ్చాను. అది తప్పు. ఆట ఆగాక గంట, గంటన్నరలో లాక్టిక్ యాసిడ్ మామూలు స్థాయికి వచ్చేస్తుంది. మర్నాడు మంచం దిగనివ్వని నొప్పి వేరు. కండ బరువు మోస్తూ సాగాల్సి వచ్చినప్పుడు లోపలి పోగులు సన్నగా దెబ్బతింటాయి. మెట్లు ఎక్కేటప్పుడు కంటే దిగేటప్పుడు తొడలకి ఎక్కువ దెబ్బ అందుకే. కబడ్డీ అంతా ఆ పనే: పరుగున వెళ్ళి టక్కున ఆగడం, గొంతుక్కూర్చుని లేవడం, నలుగురు వెనక్కి లాగుతుంటే ముందుకి ఈడ్చుకోవడం. ఆ నొప్పి 24 గంటలకి మొదలై రెండో రోజో మూడో రోజో ముదురుతుంది. అంటే మూడు రోజుల టోర్నమెంటుకి సరిగ్గా అడ్డంగా నిలబడుతుంది.

చల్లటి నీళ్ళు ఏం చేస్తాయంటే, చర్మం కింద రక్తనాళాలు బిగుసుకుంటాయి, నొప్పి కబురు మోసే నరాలు నెమ్మదిస్తాయి, చుట్టూ నీళ్ళ ఒత్తిడి వల్ల వాపు కాస్త తగ్గుతుంది. గాలి కంటే నీళ్ళు పాతిక రెట్లు వేగంగా ఒంట్లోంచి వేడి లాగేస్తాయి. లంబసింగిలో 13 డిగ్రీల పొద్దున పూట స్వెట్టరేసుకుని టీ తాగుతూ తిరుగుతాం కదా, అదే 13 డిగ్రీల నీళ్ళలో పది నిమిషాలకే పళ్ళు టకటకలాడతాయి.

ఇక ఇది పనిచేస్తుందా అంటే, 2012లో కాక్రేన్ అని, వైద్య ప్రయోగాల ఫలితాలన్నీ కలిపి తూచే సంస్థ వాళ్ళు 17 చిన్న చిన్న ప్రయోగాలు, మొత్తం 366 మంది లెక్కలు కలిపి చూశారు. ఊరికే కూర్చున్నవాళ్ళ కంటే చల్లటి నీళ్ళలో దిగినవాళ్ళకి తర్వాతి రోజుల్లో నొప్పి కొంత తక్కువగా ఉందని తేల్చారు. "నొప్పి తక్కువ" అన్నారు గానీ "బలం తిరిగొచ్చింది" అని అంత గట్టిగా అనలేదు. ఈ తేడా గుర్తుపెట్టుకోవాలని గోడ మీద బొగ్గుతో రాశాను. అమ్మ తిట్టింది.

పెట్టుకున్న కొలత: 10 నుంచి 15 డిగ్రీల మధ్య, 10 నుంచి 15 నిమిషాలు. వీడియోల్లో లాగా ఐసు ముక్కల్లో సున్నా దగ్గర కూర్చోవడం వీరత్వం. మాకు అక్కర్లేదు.

నవంబరు 27

మొదటి ప్రయత్నం: నీలం డ్రమ్ము, 200 లీటర్లది. పాత సామాను కొట్లో ఆరొందలు. ముందు ఏం పోసి ఉంచారో అడిగి, చెరువులకి వేసే మినరల్స్ డ్రమ్మేనని నమ్మకం కుదిరాక, మూడుసార్లు తోమాను.

బోరు నీళ్ళు 28 డిగ్రీలు. 150 లీటర్లు పోశాను. లెక్క తొమ్మిదో తరగతిదే. గ్రాము ఐసు కరగడానికి 80 కేలరీలు కావాలి, ఆ కరిగిన నీళ్ళు 12 డిగ్రీలకి రావడానికి ఇంకో 12. అంటే కిలో ఐసు 92 కిలోకేలరీలు మింగుతుంది. 150 లీటర్లని 16 డిగ్రీలు దించాలంటే 2400. భాగిస్తే 26 కిలోలు. సగం దిమ్మ తెచ్చి, గోనెసంచిలో పెట్టి చెక్కసుత్తితో చితగ్గొట్టి వేశాం. కర్రతో కలుపుతూ ఉంటే పావుగంటలో 13కి దిగింది. లెక్క కుదిరిందని నేను మురిసిపోతుండగానే మా లెఫ్ట్ కార్నరు (ఎడమ మూల కాసే డిఫెండరు) అందులోకి దిగాడు. నలభై లీటర్ల చల్లటి నీళ్ళు అంచు మీంచి బయటికి దూకాయి. ఆర్కిమెడిస్‌ని మర్చిపోయాను.

అంతకంటే పెద్ద తప్పు, ఆరడుగుల మనిషి డ్రమ్ములో కూర్చోలేడు. నిలబడితే నీళ్ళు బొడ్డు దాకా. మోకాలు మడిచే చోటు లేదు. బయటికి రావడానికి కాలెత్తితే డ్రమ్ము వాలిపోయింది, ఇద్దరం పట్టుకున్నాం. మొద్దుబారిన కాళ్ళతో ఎత్తైన అంచు దాటడం ఎంత ప్రమాదమో అప్పుడు అర్థమైంది. డ్రమ్ము ఇప్పుడు గేదెల పాకలో ఉంది, తౌడు పోసుకోవడానికి.

డిసెంబరు 1

రెండో ఆలోచన: బావి ఒరలు, అంటే సిమెంటు రింగులు. మూడడుగుల వెడల్పువి మూడు, ఒకదాని మీద ఒకటి, అడుగున కాంక్రీటు. మా ఊళ్ళో కుడితి తొట్లూ, నీళ్ళ తొట్లూ సగం ఇలా కట్టినవే. ఒరలు, సిమెంటు, తాపీమేస్త్రి కూలి కలిపి 2,300. మెట్టుగా రెండు పెద్ద రాళ్ళు. కిందన నీళ్ళు వదలడానికి పైపు పెట్టమంటే మేస్త్రి "ఐసు తొట్టికి పైపెందుకండి, కరిగిపోద్ది కదా" అన్నాడు. ఆయన లాజిక్కు నాకిప్పటికీ అంతుబట్టలేదు గానీ పైపు మాత్రం పెట్టించాను.

వారం రోజులు నీళ్ళు పట్టాలి. కుర్రాళ్ళు రోజూ వచ్చి తొట్టిని గుడి చుట్టూ తిరిగినట్టు తిరిగి వెళ్తున్నారు.

డిసెంబరు 8

రెండడుగుల లోతు నీళ్ళు, అంటే సుమారు 390 లీటర్లు. అదే సూత్రంతో 68 కిలోల ఐసు సరిపోవాలి. ఫ్యాక్టరీలో దిమ్మ 50 కిలోలు. దారిలో కరిగేది కూడా కలుపుకుని దిమ్మన్నర కొన్నాను, 240 రూపాయలు. ఆ మేనేజరుగారు నన్ను పట్టుబడికి (చెరువులో రొయ్యలు పట్టే పనికి) వచ్చినట్టే చూసి "ఎంత కౌంటండీ?" అన్నారు. కౌంటంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయని. "పది కాయలండి, ఒక్కోటి డెబ్బై కిలోలు" అన్నాను. పాపం రాత్రికి గానీ అర్థమై ఉండదు.

తొట్టిలో ఐసు వేసి కలిపాక నీళ్ళ వేడి 13కి దిగింది. భేష్ అనుకునే లోపు మళ్ళీ ఎక్కడం మొదలెట్టింది. ఇరవై నిమిషాల్లో 14న్నర. ఎవరూ దిగలేదు, ఎండ లేదు, పైన గోనెపట్టా కప్పే ఉంది. ఎక్కణ్ణుంచి వస్తోంది ఈ వేడి?

తొట్టి గోడ మీద చెయ్యి పెట్టి చూస్తే తెలిసింది. ఒరలూ అడుగూ కలిపి నాలుగొందల కిలోల సిమెంటు. అదీ 28 డిగ్రీల దగ్గరే ఉంది. కిలోకి నీటితో పోలిస్తే అయిదో వంతు వేడే పట్టుకుంటుంది గానీ, నాలుగొందల కిలోలంటే 80 లీటర్ల నీళ్ళు అదనంగా పోసినట్టే. నేను నీళ్ళని చల్లబరిచే లెక్క వేశాను, తొట్టిని చల్లబరిచే లెక్క మర్చిపోయాను. పట్టుబడి రోజున ఐసు టబ్బుల్లో ముందుగా రెండు ట్రేల ఐసు వేసి కాసేపు వదిలేస్తాం. ఎందుకో ఎప్పుడూ అడగలేదు. ఇదన్నమాట.

ముందు నేనే దిగాను. ఎవరినైనా దింపే ముందు నాకు తెలియాలి కదా. మోకాళ్ళ దాకా పర్వాలేదు. నడుము దగ్గర ఊపిరి ఎగిరింది. రెండు నిమిషాలపాటు గుక్క తిప్పుకోలేక కుక్కలా రొప్పాను. ఇది పిరికితనం కాదు, చర్మానికి హఠాత్తుగా చలి తగిలితే ఒళ్ళు తనంతట తాను చేసే పని. అదే క్షణంలో గుండె దడా, బీపీ రెండూ పెరుగుతాయి. నదుల్లో చల్లటి నీళ్ళలో పడ్డవాళ్ళు మొదటి నిమిషంలోనే నీళ్ళు మింగేది ఇందుకే. మూడో నిమిషానికి ఊపిరి దారిలో పడింది. ఆరో నిమిషానికి కాలివేళ్ళు నొప్పి పుట్టి, తర్వాత ఉన్నాయో లేవో తెలియలేదు. ఎనిమిదో నిమిషానికి అరిచేతులు బయట పెట్టేస్తే హాయిగా ఉందని తెలిసింది. పదో నిమిషంలో లేచాను. వింతేమిటంటే, బయటికొచ్చిన పది నిమిషాలకి ఇంకా ఎక్కువ వణుకు పుట్టింది. కాళ్ళలో చల్లబడ్డ రక్తం అప్పుడు లోపలికి వస్తుందట.

ఇవన్నీ అయ్యాక మా పెదనాన్న వచ్చి, పంచె పైకి కట్టుకుని, "నాకూ మోకాళ్ళు లాగుతున్నాయిరా, ఒక మునక" అన్నారు. ఆయనకి ఆరేళ్ళ కిందట స్టెంట్ వేశారు. దణ్ణం పెట్టి పంపించాను. అలిగారు.

డిసెంబరు 9

కట్టుబాట్లు, తొట్టి మీద పెయింటుతో: ఒక్కరే ఉన్నప్పుడు దిగకూడదు. తల ముంచకూడదు. నడుము దాకా చాలు. పది నిమిషాలు, గడియారం పైనున్నవాడి చేతిలో. ఉబ్బసం, గుండె, బీపీ ఉన్నవాళ్ళు అసలు వద్దు. మోకాలు చెక్కుకుపోయి పుండు పచ్చిగా ఉంటే వద్దు.

ఆఖరిదానికి గొడవ పెట్టారు. బరిలో పడని మోకాలేది? కానీ అది చేపల ఐసు. ఉప్పునీళ్ళ ట్యాంకులో రేకు డబ్బాలు దించి, వాటిలో బోరు నీళ్ళు గడ్డకట్టిస్తారు. తాగడానికి చేసిన ఐసు కాదు. పైగా అయిదుగురు చెమట కాళ్ళు ఒకే నీళ్ళలో. దిగేముందు సబ్బుతో కడుక్కోవాలి, సాయంత్రం కాగానే నీళ్ళు వదిలెయ్యాలి అన్నాను. పైపు పెట్టించుకున్నందుకు నన్ను నేను మెచ్చుకున్నాను.

డిసెంబరు 12 నుంచి 19

ఇది నిజంగా పనిచేస్తోందో లేదో చూడాలని పరీక్ష పెట్టాను. హైస్కూలు డాబా మెట్లు ఎక్కి దిగడం ఇరవైసార్లు, తర్వాత ముప్ఫై గెంతులు, ఆపైన నలభై నిమిషాల ప్రాక్టీసు. పదిమందిని చీట్లు తీసి రెండు జట్లు చేశాను. ఒక జట్టు తొట్టిలో పది నిమిషాలు, రెండో జట్టు చెట్టు కింద పది నిమిషాలు. మర్నాడూ, ఆ మర్నాడూ పొద్దున్నే ఒక్కొక్కణ్ణి గొంతుక్కూర్చుని లేవమని, నొప్పికి పదికి ఎన్నో చెప్పమన్నాను. కళ్ళంలో సుద్దగీత గీసి, నిలబడ్డ చోట్నుంచి ఎంత దూరం దూకుతారో టేపుతో కొలిచాను.

మొదటి వారం: తొట్టి జట్టు మూడు, నాలుగు అన్నారు. చెట్టు జట్టు అయిదు, ఆరు. ఒకడు ఎనిమిది అన్నాడు గానీ వాడు ఇంజెక్షనుకి కూడా ఎనిమిదే అంటాడు. దూకిన దూరంలో తేడా లేదు. ఇద్దరు పెరిగారు, ముగ్గురు తగ్గారు, మిగతావాళ్ళు బెత్తెడు అటూ ఇటూ.

రెండో వారం జట్లు మార్చాను. ఇక్కడే బోల్తా పడ్డాను. తొట్టిలోకి వచ్చినవాళ్ళు రెండు అన్నారు, చెట్టు కిందకి వెళ్ళినవాళ్ళు మూడు అన్నారు. అంటే అందరికీ నొప్పి తగ్గిపోయింది. తొట్టి మహిమ చెట్టుకి కూడా పాకిందా అని నవ్వుకున్నాం. తర్వాత చదివితే తెలిసింది, కండకి ఒకసారి ఆ దెబ్బ తగిలాక, వారం పది రోజుల్లో అదే పని మళ్ళీ చేస్తే చాలా తక్కువ నొస్తుంది. మొదటిసారి ఊడ్పులకి వంగినవాడి నడుం, నాలుగో రోజుకి అలవాటు పడ్డట్టు. నా పరీక్ష పద్ధతిలోనే చిల్లు ఉంది.

కానీ ఈ చిల్లులోంచి ఒక పనికొచ్చే మాట బయటపడింది. పండగకి పది రోజుల ముందు ఒకసారి కసిగా మెట్లు దించితే, పండగ రోజుల్లో తొడలు సగం తక్కువ పట్టేస్తాయి. ఐసు ఖర్చు సున్నా. అయిదు వేల ప్రాజెక్టులో అన్నిటికంటే విలువైన ఫలితం ఐసుతో సంబంధం లేనిది కావడం నాకు కొంచెం ఉడుకుమోత్తనంగానే ఉంది.

డిసెంబరు 21

నిన్న నేను మోసం చేశాను.

2014లో ఆస్ట్రేలియాలో ముప్ఫైమంది మీద ఒక ప్రయోగం జరిగింది. కొందర్ని 10 డిగ్రీల నీళ్ళలో, కొందర్ని గోరువెచ్చటి నీళ్ళలో, ఇంకొందర్ని అవే గోరువెచ్చటి నీళ్ళలో ఒళ్ళు కడుక్కునే ద్రవం కలిపి "ఇది కండలకి మందు నూనె" అని చెప్పి కూర్చోబెట్టారు. ఉత్త గోరువెచ్చటి నీళ్ళ వాళ్ళ కంటే "మందు" వాళ్ళు బాగా కోలుకున్నారు. ఐసు వాళ్ళు ఆ "మందు" వాళ్ళని మించలేకపోయారు.

నమ్మబుద్ధి కాలేదు. బోరు నీళ్ళు పోసి, వేపాకు, పసుపు, రెండు కర్పూరం బిళ్ళలు వేసి, "ఇది కేరళ పద్ధతి, మా ఫ్రెండు చెప్పాడు, ఐసు కంటే గట్టిది" అన్నాను. అయిదుగురు దిగారు. ఈ పొద్దున్న రెండున్నర, మూడు చెప్పారు. మా కవరు డిఫెండరైతే "ఇదే బాగుంది బాబాయ్, లోపల్నుంచి లాగేస్తోంది" అన్నాడు. నిజం చెప్పేశాను. పది సెకన్లు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత వాడు "అయితే పండక్కి ఐసు వద్దు, నువ్వు పక్కన నిలబడి అబద్ధాలు చెప్పు చాలు" అన్నాడు.

నవ్వులాట పక్కన పెడితే, దీని తర్వాత తొట్టి మీద నాకు కోపం రాలేదు. సెమీస్ పొద్దున్న "నా కాళ్ళు బాగున్నాయి" అనుకుని బరిలోకి దిగేవాడికీ, "నా పని అయిపోయింది" అనుకుని దిగేవాడికీ తేడా నేను ఆడిన పదిహేనేళ్ళలో చూశాను. నమ్మకం వల్లొచ్చినా, చలి వల్లొచ్చినా ఆ పొద్దుటికి నాకు అది కావాలి. దానికి రోజుకి రెండు మూడొందల ఐసు ఖరీదు ఎక్కువేం కాదు. ఐసే గెలిపిస్తుందని మాత్రం ఎవరికీ చెప్పను.

డిసెంబరు 24

ఇద్దరు కుర్రాళ్ళు జిమ్ నుంచి సరాసరి తొట్టి దగ్గరికి వస్తున్నారు. వద్దన్నాను. కారణం 2015 నాటి ఇంకో ఆస్ట్రేలియా పరిశోధన. 21 మంది మగవాళ్ళు, 12 వారాలు, వారానికి రెండుసార్లు కాళ్ళకి బరువుల వ్యాయామం. సగంమంది తర్వాత 10 డిగ్రీల నీళ్ళలో పది నిమిషాలు కూర్చున్నారు, మిగతావాళ్ళు మెల్లగా సైకిలు తొక్కారు. మూడు నెలలకి సైకిలు వాళ్ళకి కండా, బలమూ ఎక్కువ పెరిగాయి. దెబ్బతిన్న కండ రిపేరు చేసుకుంటూనే పెరుగుతుంది. ఆ రిపేరు మొదలవకముందే చల్లబరిచేస్తే, ఉడుకుతున్న అన్నం మీద చెంబుడు చన్నీళ్ళు పోసినట్టే.

కాబట్టి తొట్టి బరువులెత్తిన రోజు కాదు, ఎదుగుదల కోసం చేసే ప్రాక్టీసు రోజు కాదు. రేపు పొద్దున్నే మళ్ళీ ఆడాల్సిన రోజు మాత్రమే. అంటే ఏడాదికి పట్టుమని పది రోజులు. అందుకు 2,300 పెట్టి తొట్టి కట్టించానా అని అమ్మ అడగలేదు గానీ, చూపులో ఉంది.

డిసెంబరు 29

టీ తాగుతుంటే మా రైడరు అడిగాడు: "బాబాయ్, టోర్నమెంటు పక్కూళ్ళో కదా. ఒరలు ఎలా వస్తాయి?"

గ్లాసు కింద పెట్టేశాను. నెల రోజులుగా పదకొండుమంది ఆ తొట్టి చుట్టూ తిరిగాం. ఒక్కరికీ తట్టలేదు.

జనవరి 4

మూడోది, ఆఖరిది. పట్టుబడికి వాడే ఇన్సులేటెడ్ టబ్బు. రెండు పొరల ప్లాస్టిక్కు, మధ్యలో ఫోము, మూత, కింద బిరడా. కొంటే మా బడ్జెట్టుకి అందదు. రొయ్యల్ని చెరువులోంచి తియ్యగానే ఇందులో ఐసునీళ్ళలో ముంచుతాం, క్షణాల్లో చల్లబడి తాజాదనం నిలుస్తుందని. ఇప్పటిదాకా బుర్రకి రాకపోవడానికి కారణం రోజూ చూసే వస్తువు కావడమే.

ఆక్వా కంపెనీలో తెలిసినాయన్ని అడిగితే, "పండగ నాలుగు రోజులూ పట్టుబడులుండవు, పట్టుకెళ్ళండి. పంతొమ్మిదో తారీకు పొద్దున్నకి తెచ్చెయ్యాలండోయ్" అన్నారు. బ్లీచింగ్ పౌడరుతో రెండుసార్లు కడిగి, ఎండబెట్టి, మళ్ళీ మంచినీళ్ళతో కడిగాను. వాసన పోలేదు. రొయ్యల వాసన బ్లీచింగుకి లొంగితే మా ఇంట్లో నాకింత చీవాట్లు ఉండేవి కావు.

పరీక్ష: 350 లీటర్లు, చలికాలపు ట్యాంకు నీళ్ళు 26 డిగ్రీలు. లెక్క ప్రకారం 53 కిలోలు. దిమ్మ, పైన రెండు బుట్టల చితగ్గొట్టిన ఐసు. 12కి దిగింది, మూత వేసి గంట తర్వాత చూస్తే ఇంకా 12 మీదే ఉంది. ప్లాస్టిక్కు తొట్టికి సిమెంటులా సొంత ఆకలి లేదు. ఇద్దరు ఎదురెదురుగా కాళ్ళు చాపుకుని కూర్చోవచ్చు. ఒక్కో జంట దిగి లేచేసరికి నీళ్ళు కాస్త వేడెక్కుతున్నాయి, కాబట్టి నాలుగు జంటల తర్వాత కొత్తగా ఐసు వెయ్యాలి.

ఇంకో చిన్న సంగతి. కదలకుండా కూర్చుంటే కాళ్ళ చుట్టూ వేలి మందం నీళ్ళు ఒంటి వేడికి వెచ్చబడి దుప్పటిలా కప్పుకుంటాయి. తెలివైనవాళ్ళు బిగుసుకుని కూర్చుంటున్నారని గమనించి, పైన నిలబడ్డవాడికి తెడ్డు ఇచ్చాను. నిమిషానికోసారి కలపడం వాడి డ్యూటీ. బూతులు పడటం కూడా.

జనవరి 6

మెట్లు. ఇరవైసార్లు. అందరూ. మూలిగారు.

భోగి

ట్రాలీలో టబ్బు, పైన మూత, మూత మీద ఇద్దరు. పక్కూరి వాళ్ళు రొయ్యలు అమ్మడానికి వచ్చామనుకుని కేజీ ఎంతని అడిగారు.

రెండు మ్యాచ్‌లు, రెండూ గెలిచాం. మొదటిదానికీ రెండోదానికీ మధ్య గంటన్నర గ్యాపు. ఆ సందులో మా రైట్ కార్నరు నాకు చెప్పకుండా టబ్బులో కూర్చున్నాడు. రెండో మ్యాచ్‌లో అవతలి జట్టు మొదటి రైడరు బోనస్ గీత (దాటితే అదనపు పాయింటు వచ్చేది) దాటుతుంటే చీలమండ పట్టుకోబోయాడు, చెయ్యి చేరేలోపు కాలు వెళ్ళిపోయింది. మరో రెండుసార్లు అదే కథ. చల్లబడ్డ కండ కాసేపు మొద్దుగా ఉంటుంది, విసురు తగ్గుతుంది. సగం టైముకి కూర్చోబెట్టి ఇంకొకణ్ణి దింపాను. వాడి మీద అరిచాను గానీ తప్పు నాది. ఆ రోజు ఆఖరి మ్యాచ్ అయ్యాకే టబ్బు అన్న ముక్క కట్టుబాట్లలో రాయలేదు.

సాయంత్రం అందరూ దిగారు. పది నిమిషాలు, తువ్వాలు, పొడిబట్టలు, వేడి వేడి అన్నం, కోడిగుడ్లు. పదింటికి లైట్లు ఆర్పించాను. పోయినేడు రాత్రి రెండింటిదాకా రికార్డింగ్ డ్యాన్సు చూశారన్న సంగతి ఈ డైరీ మొదటి పేజీలో రాయలేదని ఇప్పుడు గుర్తొచ్చింది.

పండగ

రైడరు అరుగు దిగాడు. గోడ పట్టుకోలేదు. నేను చూస్తున్నానని తెలిసి కావాలని గెంతాడు కూడా. నొప్పికి అందరూ రెండు, మూడు అన్నారు. మెట్ల వల్లా, టబ్బు వల్లా, నిద్ర వల్లా, మొదటి రోజు మూడు కాకుండా రెండే మ్యాచ్‌లు పడటం వల్లా? విడదీసి చెప్పలేను.

క్వార్టర్స్ గెలిచాం. సెమీస్ ఆఖరి మూడు నిమిషాల్లో రెండు పాయింట్ల వెనకున్నాం. మా రైడరు వరసగా రెండు కూతల్లో ముగ్గుర్ని తెచ్చాడు. వెనక్కి తిరిగేటప్పుడు కాలు మాట విన్నది. అది చాలు నాకు.

కోడిపందేల బరుల కోసం ఊళ్ళోని ఐసంతా కూల్ డ్రింకుల వాళ్ళు ఎగరేసుకుపోయారు. సాయంత్రం పాతిక కిలోలే దొరికింది. 19 డిగ్రీల నీళ్ళలో కూర్చున్నారు. తేడా ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

కనుమ

ఫైనల్లో మూడు పాయింట్ల తేడాతో ఓడిపోయాం. వాళ్ళ డిఫెన్సు బాగుంది. కాళ్ళ మీద నెట్టెయ్యడానికి ఈసారి వీల్లేదు.

జనవరి 19

లెక్క: డ్రమ్ము 600, ఒరల తొట్టి 2,300, ఐసు అన్నిసార్లూ కలిపి 1,380, ట్రాలీ డీజిలు 400. మొత్తం 4,680.

తెల్లవారుజామునే టబ్బు తీసుకెళ్ళి అప్పగించాను. అప్పటికే చెరువు గట్టు మీద లైట్లు వెలుగుతున్నాయి, వల లాగుతున్నారు. పట్టుబడి మేస్త్రి రెండు ట్రేల ఐసు అందులో పారబోసి, చల్లబడటానికి వదిలేసి, బీడీ ముట్టించుకున్నాడు. "ఇందులో మనుషులు కూర్చున్నారంట కదండి?" అన్నాడు.

"కూర్చున్నారు. పది నిమిషాలు."

"మావి రెండు నిమిషాలకే అయిపోతాయండి" అని, మొదటి ట్రే రొయ్యలు అందులో కుమ్మరించాడు.